మా తమ్ముడి సినిమా 'ఆదిత్య 369' కాపీ అంట!

మొన్న ఆదివారం పొద్దున్న సీతమ్మధార రైతు బజార్లో బెండకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. మా పిన్ని కొడుకు. "అన్నయ్యా, నీ రూముకి వచ్చీమంటావా?" అన్నాడు. గొంతులో ఏటో తేడా ఉంది. రమ్మన్నాను. వాడొచ్చేసరికి కూర పొయ్యి మీద ఉంది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "సినిమా డిలీట్ చేసీస్తాను" అన్నాడు.

వాడు డిప్లొమా చదువుతున్నాడు. గాజువాక అవతల నిర్వాసితుల కాలనీలో ఉంటారు. ఫోన్‌తో పదకొండు నిమిషాల సినిమా తీసాడు. కథేటంటే, ఒక కుర్రాడికి షెడ్డులో పాత ఆటో దొరుకుద్ది. దాని మీటర్లో రూపాయల బదులు సంవత్సరాలు తిరుగుతాయి. మీటరు వెనక్కి తిప్పితే 1970కి వెళ్ళిపోతాడు. అక్కడ వాళ్ళ నాయనమ్మ పుట్టిన ఊరు ఉంటాది. ఇప్పుడా ఊరు లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకున్న ఊళ్ళలో అదీ పోయింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసారు. దానికి ముందు సంవత్సరాన్నే మావోడు ఎంచుకున్నాడు. ఆ కుర్రాడు ఊరు చూసి, నూతిలో నీళ్ళు తోడుకుని తాగి, తిరిగొచ్చీస్తాడు. అంతే సినిమా.

ఒక కాలేజీ ఫెస్టులో చూపించాడు. జడ్జీగా కూర్చున్న పెద్దాయన మైకు తీసుకుని, "ఇది ఆదిత్య 369 కాపీ కదా బాబూ, సొంతంగా ఆలోచించడం నేర్చుకోండి" అన్నాడట. హాలంతా నవ్వారు. వాడికి ఆ నవ్వు పట్టుకుంది.

"ఒరే, నువ్వు ఆదిత్య 369 పూర్తిగా చూసావా?" అన్నాను.

"రీల్స్‌లో చూసాను."

ఇదీ సంగతి. చూడని సినిమాని కాపీ కొట్టావన్నారు. వీడేమో చూడకుండానే తప్పు ఒప్పేసుకున్నాడు. ఆ రోజంతా మేమిద్దరం అదే మాట్లాడుకున్నాం, సాయంత్రం సినిమా కూడా వేసుకుని చూసాం. ఊళ్ళల్లో ఫోన్ పట్టుకుని సినిమాలు తీస్తున్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. ఏదో ఒక రోజు మిమ్మల్ని కూడా ఎవరో ఇలగే అంటారు. అందుకే ఇది రాస్తన్నాను.

ముందు నాలుగు మాటలు విడదీసుకుందాం, ఎందుకంటే మనోళ్ళు అన్నిటినీ కలిపి 'కాపీ' అనీస్తారు. ఒక ఇల్లుందనుకోండి. దానికి వేరే రంగు వేస్తే డబ్బింగు. అదే జాగాలో కూలగొట్టి మళ్ళీ కడితే రీమేకు. దాని మీద ఇంకో మేడ లేపితే సీక్వెలు. పెరట్లో చిన్న పాక వేసి, ఆ ఇంట్లో పనిచేసే మనిషి కథ అందులో నడిపితే స్పిన్-ఆఫ్. ఇక ఐదోది ఉంది, దానికి పేరు లేదు. ఆ ఇల్లు చూసి ముచ్చటపడి, మన ఊళ్ళో మన మట్టితో మన ఇల్లు కట్టుకోవడం. ఆదిత్య 369 ఆ ఐదో రకం. మా తమ్ముడిదీ అంతే.

ఆదిత్య 369 వచ్చింది 1991 జులైలో. తీసింది సింగీతం శ్రీనివాసరావు గారు. బాలకృష్ణ ఇందులో ఇప్పటి కుర్రాడు కృష్ణకుమార్‌గా, శ్రీకృష్ణదేవరాయలుగా రెండు వేషాలు వేసాడు. జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. వెనక్కి 1526కి వెళ్తారు, ముందుకి 2504కి వెళ్తారు. ముందు కాలంలో అణుయుద్ధం జరిగిపోయి, పైన బతకలేక జనం భూమి కింద ఉంటారు. మా తమ్ముడు అక్కడ ఫోన్ పక్కన పెట్టి చూసాడు. ఒక సంగతి వాడికి బాగా నచ్చింది. ఈ సినిమాకి ముగ్గురు కెమెరామెన్. పి.సి. శ్రీరామ్ మొదలుపెట్టారు. ఆయనకి ఒంట్లో బాగోకపోతే, రాయల కాలం వి.ఎస్.ఆర్. స్వామి తీసారు, భవిష్యత్తు కబీర్‌లాల్ తీసారు. అంటే మూడు కాలాలకి మూడు కళ్ళు. కావాలని చేసింది కాదు గానీ, కలిసొచ్చింది.

సింగీతం గారు కాలేజీ రోజుల్లో చదివిన పుస్తకమే ఈ ఆలోచనకి మూలమని ఆయనే చెప్పుకున్నారు. హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లండు రచయిత 1895లో అచ్చేసిన 'ద టైమ్ మెషీన్'. ఇప్పుడు అసలు ప్రశ్న. సింగీతం గారిది కాపీయేనా మరి? ఆ పుస్తకంలో ఉన్న మనిషి 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ మనుషులు రెండు జాతులయిపోయుంటారు. పైన ఎండలో ఆడుకుంటూ ఏ పనీ చేతకాని సుకుమారులు, కింద చీకట్లో యంత్రాలు నడిపే పనోళ్ళు. ఆ కిందోళ్ళు రాత్రయితే పైకొచ్చి పైవాళ్ళని తినేస్తారు. ఇది దొరా కూలీ కథ. ఇందులో రాయలు లేడు, వజ్రం లేదు, తెనాలి రామకృష్ణుడు లేడు. సింగీతం గారు తీసుకున్నది యంత్రం ఒక్కటే. దాంట్లో ఎవర్ని కూర్చోబెట్టాలో, ఎక్కడికి తోలాలో ఆయన సొంతం.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఆ వెల్స్‌కి ఈ ఆలోచన 1895లో పుట్టలేదు. 1888లో, అంటే ఇరవై రెండేళ్ళు కూడా నిండకుండా, తను చదివిన కాలేజీ పత్రికకి ఒక కథ రాసాడు. పేరు 'ద క్రానిక్ ఆర్గోనాట్స్'. అందులో ఒక వింత శాస్త్రవేత్త పల్లెటూళ్ళో ఇల్లు తీసుకుని యంత్రం కడుతుంటాడు. ఊరోళ్ళు చేతబడి అనుకుని మీద పడతారు. (ఆ ఊరు వేల్స్ దేశంలోది, గానీ మన వైపు కూడా జరగదనుకోకండి.) ఆ తర్వాత ఆయన దాన్నే ఏళ్ళ తరబడి తిరగరాసాడు. పత్రికల్లో వేరే వేరే రూపాల్లో వేసాడు. చివరికి వచ్చిందే మనకి తెలిసిన పుస్తకం. అంటే ప్రపంచం 'ఒరిజినల్' అంటున్నది కాలేజీ కుర్రాడి కథకి రీమేకు, చేసినవాడు కూడా ఆ కుర్రాడే.

పోనీ అదైనా మొదటిదా? కాదు. 1887లో స్పెయిన్ దేశంలో ఎన్రీకే గాస్పర్ అనే ఆయన కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రం మీద నవల వేసీసాడు. ఇంక మన భాగవతం ఉండనే ఉంది. రైవతుడనే రాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, మంచి సంబంధం చెప్పమని బ్రహ్మ దగ్గరికి వెళ్తాడు. అక్కడ పాట అవుతుంటే కాసేపు ఆగుతాడు. తర్వాత అడిగితే బ్రహ్మ నవ్వి, నువ్వు అనుకున్న వరులూ వాళ్ళ మనవలూ ఎవరూ లేరయ్యా, కింద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి అంటాడు. అప్పుడు బలరాముడికి ఇచ్చి పెళ్ళి చేస్తారు. ఆ రేవతే 'మాయాబజార్'లో శశిరేఖ తల్లి, ఛాయాదేవి వేసిన వేషం. ఆస్తి లేదని అభిమన్యుణ్ణి కాదన్న ఆ గయ్యాళి అత్తగారు నిజానికి కాలప్రయాణం చేసొచ్చిన మనిషి! ఇది చెప్తే మా తమ్ముడు మొదటిసారి నవ్వాడు.

మాయాబజార్ మాట వచ్చింది కాబట్టి ఒక దెబ్బ. మనం తెలుగు సినిమాకి తలమానికం అనుకునే 1957 మాయాబజార్ కూడా కొత్త కథ కాదు. 1936లోనే పి.వి. దాస్ 'శశిరేఖా పరిణయం' తీసారు, దానికి మాయాబజార్ అనే ఇంకో పేరు కూడా ఉండేది. అసలు ఈ శశిరేఖ కథ వ్యాసుడి భారతంలోనే లేదు, జనం నోట్లో పుట్టింది. కె.వి. రెడ్డి గారు దాన్ని మళ్ళీ తీసారు, బాగా తీసారు. ఇప్పుడు 1936 సినిమా పేరు ఎవరికి తెలుసు? కొన్నిసార్లు రీమేకు గెలుస్తుంది, మొదటిది మరుగున పడిపోతుంది. ఎక్కువసార్లు తిరగబడతాది. మొదటిదే నిలబడి, తర్వాతవి ఎవరికీ పట్టవు. ఆ పట్టనివాటిలోనే నాకు ఎక్కువ సరుకు కనపడతాది.

టైమ్ మెషీన్‌కి అలాంటి పిల్లలు బోలెడు. 1949 జనవరి 25న బిబిసి వాళ్ళు దాన్ని టీవీ నాటకంగా వేసారు. లండన్‌లో స్టూడియోలో నటులు అప్పటికప్పుడు ఆడుతుంటే, నేరుగా ఇళ్ళల్లో టీవీలకి వెళ్ళిపోవడమే. మన ఊళ్ళో వీధి నాటకం ఎలగో అలగ. తప్పు పోతే పోయిందే. నెల తిరక్కుండా మళ్ళీ ఇంకోసారి ఆడారు. రికార్డు లేదు. ఫొటోలు, కాగితాలు మిగిలాయి గానీ నాటకం గాల్లో కలిసిపోయింది. కాలం మీద తీసిన కథే కాలంలో మాయమైపోయింది. మీ ఫోన్లో ఉన్నవాటికి ఇంకో చోట కాపీ దాచుకోండి, దయచేసి. మావోడి దగ్గర కూడా ఒక్కటే కాపీ ఉంది, అది వాడి పగిలిన ఫోన్లో.

1960లో జార్జ్ పాల్ తీసిన సినిమా అందరికీ తెలిసిందే, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ ఎఫెక్ట్స్ ఎలగ చేసారో తెలిస్తే నవ్వొస్తాది. కొవ్వొత్తి గబగబా కరిగిపోతాది. ఎదురుగా బట్టల కొట్టు అద్దాల్లో బొమ్మకి చీరలు మారినట్టు గౌన్లు మారిపోతుంటాయి, కాలం గడిచే కొద్దీ ఫ్యాషన్ మారతాది కదా. ఒక్కో ఫ్రేమూ ఆగి ఆగి తీసారు. ఇది మీ ఫోన్లో కూడా చేయొచ్చు, టైమ్-లాప్స్ అని ఉంటాది కదా, అదే.

1978లో అమెరికా టీవీకి ఇంకోటి తీసారు. ఇది చూసినవాళ్ళు తక్కువ, చూసినవాళ్ళు తిట్టారు. డబ్బులు తక్కువ పెట్టినట్టు తెలిసిపోతాది. గానీ నాకు ఇందులో ఒకటి ఆసక్తిగా ఉంది. వెల్స్ పుస్తకంలో మనిషి ముందుకే వెళ్తాడు, వెనక్కి వెళ్ళడు. ఈ టీవీ సినిమాలో హీరో ఆయుధాలు చేసే కంపెనీలో ఉద్యోగి. వాడు ముందు వెనక్కి వెళ్తాడు. మంత్రగత్తెలని జనాన్ని చంపిన సేలం ఊరికీ, బంగారం కోసం ఎగబడిన కాలిఫోర్నియాకీ వెళ్ళొచ్చి, ఆ తర్వాత భవిష్యత్తుకి వెళ్తాడు. అంటే ముందు తన దేశ చరిత్ర, తర్వాత రాబోయేది. పదమూడేళ్ళ తర్వాత మన ఆదిత్య కూడా ఇదే దారి పట్టింది. ముందు హంపీ, తర్వాత 2504. వీళ్ళు వాళ్ళని చూసి చేసారని నేను అనడం లేదు. సొంత చరిత్ర ఉన్న జనం చేతికి యంత్రం ఇస్తే ముందు వెనక్కే తిప్పుతారు, అంతే. మా తమ్ముడు కూడా మీటర్ని వెనక్కే తిప్పాడు.

2002లో వచ్చిన రీమేకు తీసింది సైమన్ వెల్స్. రచయితకి స్వయానా మునిమనవడు. పేరున్న సినిమా, పెద్ద ఖర్చు, చూసినవాళ్ళు పెదవి విరిచారు. నేనూ విరిచాను, రెండో సగం. గానీ మొదటి సగంలో ఒక మార్పు చేసారు, అది చిన్నది కాదు. పుస్తకంలో శాస్త్రవేత్త ఎందుకు వెళ్తాడు? తెలుసుకోవాలని. 2002లో ఎందుకు వెళ్తాడు? వాడు పెళ్ళాడబోయే అమ్మాయి చనిపోయింది, ఆమెని బతికించుకోవాలని. వెళ్తాడు, ఒక చావు తప్పిస్తే ఇంకోలా చనిపోతాది. అప్పుడు, ఎందుకు మార్చలేకపోతన్నానో తెలుసుకోవాలని ముందుకెళ్తాడు. యంత్రం అదే, ఎక్కే కారణం మారిపోయింది. కుతూహలం పోయి దుఃఖం వచ్చింది.

ఆ కారణం ఎక్కడికి వచ్చి చేరిందో చూడండి. 2022లో శర్వానంద్ 'ఒకే ఒక జీవితం' వచ్చింది. అమ్మ చనిపోయిన కుర్రాడికి వెనక్కి వెళ్ళే అవకాశం దొరుకుద్ది. ఆ అమ్మ అమల. ఇంక చెప్పక్కర్లేదు, థియేటర్లో ముక్కులు ఎగబీల్చిన చప్పుళ్ళు నాకింకా గుర్తే. దాన్ని 2002 ఇంగ్లీషు సినిమా కాపీ అని ఎవరైనా అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. అమ్మ చేతి వంట కోసం కాలం దాటి వెళ్ళడం మన ఇంటి కథ.

మిగతావి త్వరగా చెప్పీస్తాను. 1979లో 'టైమ్ ఆఫ్టర్ టైమ్' అని ఒక సినిమా వచ్చింది. అందులో రచయిత వెల్సే నిజంగా యంత్రం కట్టాడనీ, ఒక హంతకుడు అందులో పారిపోతే తరుముకుంటూ వెళ్ళాడనీ కథ. మంచి స్పిన్-ఆఫ్ ఆలోచన అంటే ఇది, పాత్రని వదిలీసి రాసినవాణ్ణే పట్టుకోవడం. దాన్ని 2017లో అమెరికా టీవీలో సీరియల్ చేసారు, ఐదు ఎపిసోడ్లు వేసి ఆపీసారు. 1993లో ఒక డాక్యుమెంటరీలో, 1960 సినిమాలో చేసిన ఇద్దరు నటులు ముసలోళ్ళయిపోయాక మళ్ళీ అవే వేషాల్లో ఒక చిన్న సీను చేసారు. స్నేహితులిద్దరూ మళ్ళీ కలుసుకున్నట్టు. వాళ్ళకి వయసు మేకప్‌తో పనిలేదు, కాలమే వేసీసింది. మన దూరదర్శన్‌లో కూడా 1989లో 'ఇంద్రధనుష్' అని పిల్లల కాలప్రయాణం సీరియల్ హిందీలో వచ్చింది. మా ఊళ్ళో అప్పటికి టీవీ ఉన్నది ఒక్క ఇల్లు, భాష అర్థం కాకపోయినా కిటికీ దగ్గర నిలబడి చూసీవోళ్ళమని మా మావయ్య చెప్తాడు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. సింగీతం గారు ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? మాయాబజార్‌కి కె.వి. రెడ్డి గారి దగ్గర అసిస్టెంటు. ప్రియదర్శిని పెట్టె గుర్తుంది కదా, తెరవగానే మనసులో ఉన్న మనిషి కనపడే పెట్టె, మన వీడియో కాల్‌కి ముత్తాత. ఆ సెట్టులో తిరిగిన కుర్రాడు ముప్పై నాలుగేళ్ళ తర్వాత టైమ్ మెషీన్ కట్టాడు. ఇంకో పదిహేడేళ్ళకి, 2008లో, మళ్ళీ పాత ఇంటికే వెళ్ళి 'ఘటోత్కచ్' అని యానిమేషన్ సినిమా తీసారు, చిన్నప్పటి ఘటోత్కచుడి మీద. మాయాబజార్ పెరట్లో వేసిన పాక అనుకోవచ్చు. ఎంతమంది చూసారు? నన్ను అడిగితే, నాకు తెలిసినవాళ్ళలో ఒక్కడు కూడా లేడు. పౌరాణికం మాటెత్తితే గంటలు గంటలు మాట్లాడే మనం, అదే దర్శకుడు పిల్లలకి తీసిన బొమ్మల సినిమాని పట్టించుకోలేదు.

ఆ తర్వాత నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' మొదలుపెడుతూ సింగీతం గారిని మెంటర్‌గా పిలిచారు. 2898 అనే లెక్క కూడా ఊరికే పెట్టింది కాదు. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని మన పంచాంగాల లెక్క. దానికి 2898 కలిపితే సరిగ్గా ఆరు వేల ఏళ్ళు. 1957 మాయాబజార్, 1991 ఆదిత్య, 2024 కల్కి. మూడింటికీ ఒకే మనిషి చెయ్యి తగిలింది. ఒక ఫ్రాంచైజ్ అని మనం పేరు పెట్టుకోలేదు గానీ, నాకైతే ఇదే మనకున్న వంశవృక్షం.

ఆ కల్కికి ఒక టీవీ పిల్ల కూడా ఉంది. సినిమా రావడానికి నెల ముందు, 2024 మే 31న, ప్రైమ్ వీడియోలో 'బుజ్జి అండ్ భైరవ' అని రెండు ఎపిసోడ్ల యానిమేషన్ వేసారు. ప్రభాస్ వేసిన భైరవకీ, కీర్తి సురేష్ గొంతిచ్చిన బుజ్జి అనే బండికీ జత ఎలగ కుదిరిందో చెప్పే కథ. సినిమాకి పబ్లిసిటీ అనీసి చాలామంది వదిలీసారు. పబ్లిసిటీయే, కాదనను. అయినా రెండున్నర గంటలు దాటిన పెద్ద సినిమాలో దేవుళ్ళూ యుద్ధాలూ మధ్య నలిగిపోయిన ఒక విషయం అందులో తీరిగ్గా ఉంటాది: కాశీలో అద్దె కట్టలేని, మాట పడి బతికే ఒక మనిషీ, వాడికి తోడుగా నోరున్న ఒక బండీ. చిన్న రూపం ఉంటేనే అలాంటి వాటికి చోటు దొరుకుద్ది. రెండింటితో ఆపకుండా ఇంకో పది తీసుండాల్సింది అని నా ఏడుపు.

ఇదే వరసలో 'ఆహా'లో 2021లో వచ్చిన 'కుడి ఎడమైతే' కూడా చూడండి. ఒక డెలివరీ కుర్రాడూ, ఒక పోలీసావిడా అదే రోజులో మళ్ళీ మళ్ళీ పడుతుంటారు. యంత్రం లేదు, సెట్టింగు లేదు. హైదరాబాదు రోడ్లు, ఒక బండి, ఒక స్టేషను. ఖర్చు లేకుండా కాలాన్ని ఎలగ తిప్పాలో నేర్చుకోడానికి మీకు ఆదిత్య కన్నా ఇదే ఎక్కువ పనికొస్తాదని నా అభిప్రాయం.

మా తమ్ముడు అప్పటిదాకా విని, "అవన్నీ సరే అన్నయ్యా, చట్టం ఏటంటాది?" అన్నాడు. మంచి ప్రశ్న.

మన సుప్రీంకోర్టు దీనికి 1978లోనే జవాబు చెప్పింది. ఆర్.జి. ఆనంద్ అనే ఆయన 'హమ్ హిందుస్తానీ' అని నాటకం రాసారు. తర్వాత 1956లో 'న్యూ ఢిల్లీ' అని హిందీ సినిమా వచ్చింది. రెండింట్లోనూ పంజాబీ, మద్రాసీ కుటుంబాల మధ్య ప్రాంతాల గొడవ, ప్రేమ ఉన్నాయి. నా నాటకం ఎత్తేసారని ఆయన కేసు వేసారు. కోర్టు కాదంది. ఆలోచన మీద, ఇతివృత్తం మీద ఎవరికీ హక్కు ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటాది అంది. ఒకే ఇతివృత్తాన్ని వేరేగా నడిపి చెప్తే అది కొత్త రచనే అంది. అంటే 'కాలంలో వెనక్కి వెళ్ళే బండి' ఎవరి సొత్తూ కాదు.

వెల్స్ పుస్తకం మాట వేరు. ఆయన 1946లో పోయారు. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్ళు హక్కులుంటాయి, కాబట్టి 2006తో అయిపోయాయి. ఇప్పుడు మీరు ఆ పుస్తకాన్ని యథాతథంగా మన యాసలో సినిమా తీసినా అడిగేవాడు లేడు. ఆదిత్య 369 అలగ కాదు. సినిమాకైతే విడుదలైన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్ళు, అంటే 2051 చివరి దాకా దాని సీన్లూ మాటలూ సంగీతం ఎవరివో వాళ్ళవే.

ఇక్కడ మావోడి మొహం మారింది. "మరి నేను..." అని ఆగిపోయాడు. సినిమా పెట్టమన్నాను. కుర్రాడు 1970లోంచి తిరిగొచ్చీటప్పుడు వెనకాల ఇళయరాజా. ఆదిత్యలోదే. రీల్స్‌లోంచి తీసి అతికించీసాడు. జడ్జీ గారు పూర్తిగా అన్యాయంగా మాట్లాడారని అప్పటిదాకా అనుకున్నాను. ఆయనకి ఆ పాట ముక్క వినపడుంటాది, మిగతా పది నిమిషాలూ దాని వెనక్కి వెళ్ళిపోయుంటాయి. కాపీ అన్న మాట ఆ ముప్పై సెకన్లకి సరిపోతాది. సినిమాకి సరిపోదు. ఆయన ఆ రెండూ విడదీసి చెప్పుంటే మా వాడు ఆదివారం పూట నా రూముకి ఏడుపు మొహంతో వచ్చీవాడు కాదు.

"అదొక్కటీ తీసీ. నీ కుర్రాడు రాయల్ని చూడ్డానికి వెళ్ళలేదు. వజ్రం కోసం వెళ్ళలేదు. నూతిలో నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. ఆ కారణం సింగీతం గారి దగ్గర లేదు, వెల్స్ దగ్గర లేదు, మీ నాయనమ్మ దగ్గరే ఉంది" అన్నాను. పాట బదులు ఏటి పెట్టాలి అన్నాడు. నాయనమ్మ తిరగలి తిప్పుతూ ఏదో కూనిరాగం తీస్తాది కదా, అది రికార్డు చెయ్ అన్నాను.

సాయంత్రం వాళ్ళింటికి ఇద్దరం వెళ్ళాం. ఆర్-కార్డు ఉన్న ఇల్లు. దాని మీద ఉద్యోగం వస్తాదని వాడి తాత చూసాడు, వాడి నాన్న చూసాడు, ఆ కార్డింకా బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఉంది. ముసలామెకి సినిమా ఇప్పటిదాకా చూపించలేదట వీడు, సిగ్గేసి. ఫోన్ ఆమె చేతిలో పెట్టాం. పదకొండు నిమిషాలూ కదలకుండా చూసింది. అయిపోయాక ఇంకోసారి పెట్టమంది. రెండోసారి నూతి దగ్గరికి రాగానే వేలితో తెర మీద పొడిచింది.

"నుయ్యి ఈ పక్క కాదురా గుంటడా. చింతచెట్టుకి ఆ పక్క. ఇటు పక్కన మా బాబు కళ్ళం ఉండీది."

కాబట్టి నూతి సీను మళ్ళీ తీయాలి. వచ్చే ఆదివారం అనుకున్నాం. ముసలామె కూడా వస్తానంది, ఎక్కడ నిలబడాలో తనే చూపిస్తాదట. ఆటో అద్దెకిచ్చినాయన మాత్రం పోయినసారి రెండొందలకి ఒప్పుకున్నోడు, ఇది రీమేకు అని తెలిసి మూడొందలు అడుగుతున్నాడు.